రెండు అంతస్తులు, ఒక్క స్టీరింగు

నగరంలో జనం పెరిగినంత వేగంగా రోడ్డు పెరగదు. పెరగని రోడ్డు మీద పెరిగిన జనాన్ని మోయాలంటే బస్సుల సంఖ్య పెంచాలి, లేదా బస్సు పొడవు పెంచాలి, ఆ రెండింటికీ చోటు చాలనప్పుడు బస్సునే పైకి లేపాలి. రెండంతస్తుల బస్సు ఈ మూడో మార్గంలో పుట్టింది. అయితే పైకి లేపిన ప్రతి అంగుళం వాహనపు నిలకడను కొంత తగ్గిస్తుంది, వంతెనలతో తగాదా తెస్తుంది, నడిపే మనిషి నుంచి మరింత నేర్పును కోరుతుంది కనుక ఈ బస్సు చరిత్రలో ఇంజన్లకు ఎంత పాత్ర ఉందో నియమాలకు కూడా అంతే పాత్ర ఉంది. హైదరాబాద్, తిరుపతి, విశాఖపట్నం నగరాల్లో డబుల్ డెక్కర్ మళ్లీ కనిపిస్తున్న ఈ కాలంలో చర్చ అంతా బస్సు రంగు, ఏసీ, పాత జ్ఞాపకాల చుట్టూనే తిరుగుతోంది. ఆ బస్సును నిటారుగా నిలబెట్టే నియమాలకూ, దాన్ని నడిపే డ్రైవరుకూ ఆ చర్చలో దక్కవలసిన చోటు దక్కడం లేదు.

నియమం దించిన చట్రం

1829 జులై 4న జార్జ్ షిలిబీర్ లండన్‌లోని పాడింగ్టన్ నుంచి బ్యాంక్ ప్రాంతం వరకు మూడు గుర్రాలు లాగే బండిని నడపడం మొదలుపెట్టినప్పుడు అందులో 22 మంది కూర్చునేవారు, అంతస్తు ఒక్కటే ఉండేది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి, ముఖ్యంగా 1851లో జరిగిన మహా ప్రదర్శనకు జనం పోటెత్తిన తర్వాత, గుర్రపు బస్సుల పైకప్పు మీద ప్రయాణించడం మామూలైపోయింది. కప్పు పొడవునా వేసిన బల్లపై ప్రయాణికులు వీపులు ఆనించుకుని రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చునేవారు. పైకి ఎక్కడానికి నిచ్చెన తప్ప మరో దారి లేనందువల్ల, సరైన మెట్లు వచ్చేదాకా స్త్రీలకు పై భాగం దాదాపు అందకుండానే ఉండిపోయింది.

మోటారు యుగం వచ్చినా పై అంతస్తుకు కప్పు రాలేదు. 1910లో రోడ్డెక్కిన బి టైప్ బస్సుల్లో మీద కూర్చున్నవారు లండన్ వానకు తడుస్తూనే ప్రయాణించారు. కప్పు వేయడం తయారీదారులకు చేతకాక అలా జరగలేదు. లండన్ వీధుల్లో బస్సులకు అనుమతినిచ్చే అధికారం మెట్రోపాలిటన్ పోలీసులకు ఉండేది. అసలే ఎత్తుగా ఉన్న బండి మీద కప్పు బరువు కూడా చేరితే అది పక్కకు ఒరిగిపోతుందన్నది వారి అభ్యంతరం. 1923లో వచ్చిన ఎన్ఎస్ టైప్ బస్సులో ఇంజనీర్లు చట్రాన్ని, అంటే చక్రాలూ ఇంజనూ బాడీ అన్నీ ఆనుకుని ఉండే ఇనుప చాసిస్‌ను, బాగా కిందికి దించారు. దానితో మొత్తం బరువు నేలకు దగ్గరైంది, 1925లో పోలీసులు కప్పుకు అనుమతించారు. రెండో అంతస్తు పూర్తి అంతస్తుగా మారిన ఈ ఘట్టంలో ఆంక్ష ముందు నడిచింది, రూపకల్పన దాన్ని అనుసరించింది. నియమాలు కొత్తదనాన్ని అడ్డుకుంటాయనే వాదనకు ఇంతకంటే మంచి జవాబు దొరకదు.

1927లో లేలాండ్ సంస్థ టైటాన్ పేరుతో తెచ్చిన నమూనా మరో చిక్కును విప్పింది. బ్రిటన్‌లో రైలు వంతెనల కింద నుంచి పోయే దారులు అనేకం, వాటి ఎత్తు తక్కువ. పై అంతస్తులో నడిచే దారిని మధ్య నుంచి ఒక పక్కకు జరిపి, దాన్ని కింది అంతస్తు కప్పులోకి కొంత దించడం ద్వారా టైటాన్ తన మొత్తం ఎత్తును సుమారు 4 మీటర్లకు తగ్గించుకుంది. కింద ఆ పక్కన కూర్చున్నవారు లేచేటప్పుడు తల కాచుకోవలసి వచ్చినా, అప్పటిదాకా డబుల్ డెక్కర్ ఎరుగని ఊళ్లకు అది చేరింది. 1954లో తొలిసారి ప్రదర్శించి 1956లో సర్వీసులోకి తెచ్చిన రూట్‌మాస్టర్ ఈ పరిణామానికి శిఖరం. అల్యూమినియం బాడీ వల్ల బరువు తగ్గి, 64 సీట్లు పట్టిన ఆ బస్సులు 2,876 తయారయ్యాయి. మామూలు రూట్ల నుంచి అవి 2005 డిసెంబరు 9న తప్పుకున్నాయి.

భారతదేశంలో డబుల్ డెక్కర్ 1926లో కలకత్తా వీధుల్లోకి, 1937లో బొంబాయి వీధుల్లోకి వచ్చింది. బొంబాయిలో బెస్ట్ సంస్థ నడిపిన ఇలాంటి బస్సులు ఒక దశలో సుమారు 900కు చేరాయి. హైదరాబాద్ సంస్థానంలో 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగమే, చేతులు మారి రూపాలు మారి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అయింది. అశోక్ లేలాండ్ 1967లో సగం దేశీయ భాగాలతో తన టైటాన్‌ను తెచ్చిన తర్వాత ఈ తరహా బస్సు దేశంలోని పెద్ద నగరాలకు మరింత అందుబాటులోకి వచ్చింది. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్, జూపార్కుల వైపు సాగిన డబుల్ డెక్కర్లు కొన్ని దశాబ్దాల పాటు జంట నగరాల గుర్తుగా నిలిచి, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో క్రమంగా డిపోలకు పరిమితమై, ఆ తర్వాత కనుమరుగయ్యాయి.

28 డిగ్రీలు

ఎత్తయిన బస్సు ఒరిగిపోకుండా ఎలా ఉంటుందన్న ప్రశ్నకు బ్రిటన్ నిబంధనలు ఒక పరీక్షతో సమాధానం చెబుతాయి. బస్సును ఒక వేదిక మీద నిలిపి, పై అంతస్తులోని సీట్లన్నింటిలో ప్రయాణికుల బరువుకు సమానమైన తూకాలు పెట్టి, డ్రైవరు, కండక్టరు ఉండే చోట్లలో కూడా తూకాలు ఉంచి, కింది అంతస్తును మాత్రం ఖాళీగా వదిలి, వేదికను ఒక పక్కకు మెల్లగా ఎత్తుతారు. వాలు 28 డిగ్రీలకు చేరేదాకా బస్సు బోల్తా పడకూడదు. పైన నిండుగా, కింద ఖాళీగా ఉండటం నిజ జీవితంలో అరుదైన సంగతే అయినా, అత్యంత ప్రతికూల స్థితిని తీసుకుని పరీక్షించడమే ఈ పద్ధతిలోని వివేకం. ఒకే అంతస్తు బస్సుకు ఇదే పరీక్షలో 35 డిగ్రీలు నిర్ణయించారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న 7 డిగ్రీల తేడా రెండో అంతస్తు కోసం వదులుకున్న నిలకడ.

ఈ కోణాన్ని రోడ్డు మీదికి తెచ్చి చూడవచ్చు. మలుపు తిరిగే వాహనాన్ని బయటి వైపుకు నెట్టే బలం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. 28 డిగ్రీల వాలును తట్టుకోగల వాహనం తన బరువులో సుమారు 53 శాతానికి సమానమైన పక్క తోపుడును తట్టుకోగలదని లెక్క. 25 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే ఆ హద్దులో సగం మాత్రమే ఖర్చవుతుంది, అదే మలుపులో వేగం 41 కిలోమీటర్లకు చేరితే హద్దు మొత్తం అయిపోతుంది. నిజమైన బస్సులో స్ప్రింగులు, టైర్లు ఒక పక్కకు అణగడం వల్ల బాడీ ముందే కొంత వాలుతుంది కనుక అసలు హద్దు ఇంకా దిగువనే ఉంటుంది. కారు డ్రైవరుకు పెద్దగా తెలియని 11 కిలోమీటర్ల తేడా డబుల్ డెక్కర్‌లో సురక్షిత ప్రయాణానికీ ప్రమాదానికీ మధ్య ఉన్న మొత్తం దూరం. పై అంతస్తులో ఎవరూ నిలబడి ప్రయాణించకూడదన్న నియమం పలు దేశాల్లో కనిపించడానికి ఇదే కారణం. 40 మంది తలా 60 కిలోల చొప్పున 2,400 కిలోలను అప్పటికే పైకి ఎక్కించిన తర్వాత, ఇంకొందరు నిలబడి ఆ బరువును మరింత ఎత్తుకు లేపితే పరీక్షలో వచ్చిన అంకెకు విలువ ఉండదు.

హైదరాబాద్‌లో ఈ లెక్క పుస్తకానికి పరిమితమైనది కాదు. 2019 నవంబరులో ప్రారంభమైన బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్ మీద అదే నెలలో ఒక కారు వేగంగా వచ్చి మలుపు దగ్గర అదుపు తప్పి కింద పడటంతో ఒక మహిళ మరణించింది. ఆ తర్వాత వేగాన్ని గంటకు 40 కిలోమీటర్లకు కట్టడి చేసి వంతెనను తిరిగి తెరిచారు. నేలకు అంటుకుని పోయే కారుకే అంతటి జాగ్రత్త అవసరమైన మలుపును రెండంతస్తుల బస్సు రూటులో చేర్చాలా వద్దా అన్నది ప్రయాణికుల రద్దీ చూసి మాత్రమే నిర్ణయించవలసిన విషయం కాదు.

తల మీది లెక్క

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 93వ నిబంధన వాహనాల కొలతలకు హద్దులు పెడుతుంది. దాని ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్లు మించకూడదు, రెండంతస్తుల వాహనం ఎత్తు నేల నుంచి 4.75 మీటర్లు దాటకూడదు. హైదరాబాద్‌కు 2023లో వచ్చిన విద్యుత్ డబుల్ డెక్కర్ల ఎత్తు 4.7 మీటర్లు, పొడవు 9.8 మీటర్లు. అంటే చట్టం ఇచ్చిన ఎత్తును దాదాపు అంతా అవి వాడుకున్నాయి.

ఫ్లైఓవర్లు కట్టడం వల్లే హైదరాబాద్‌లో పాత డబుల్ డెక్కర్లు ఆగిపోయాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. ఇందులో కొంత నిజం ఉన్నా పూర్తి నిజం లేదు. నగర ప్రాంతాల్లో వంతెన కింద 5.5 మీటర్ల ఖాళీ ఉండాలని భారత రహదారుల కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది కనుక, దాన్ని పాటించి కట్టిన ఏ ఫ్లైఓవర్ కింద నుంచైనా డబుల్ డెక్కర్ ముప్పావు మీటరు ఖాళీతో సాగిపోగలదు. అసలు ఇబ్బంది పాత రైలు వంతెనల దగ్గర, రోడ్డుకు అడ్డంగా వేలాడే కేబుల్ తీగల దగ్గర, పక్కల నుంచి వంగిన చెట్ల కొమ్మల దగ్గర ఉంది. ప్రమాణం ప్రకారం కట్టిన దారి మీద కూడా తారు పొర మీద తారు పొర వేస్తూ పోతే, బోర్డు మీద రాసిన ఎత్తు అలాగే ఉన్నా అసలు ఖాళీ ఏటా కొంత తరిగిపోతుంది.

లెవెల్ క్రాసింగుల సంగతి మరింత స్పష్టం. విద్యుదీకరించిన రైలు మార్గాన్ని రోడ్డు దాటే చోట పైన ఉండే 25,000 వోల్టుల తీగకు ఏ వాహనమూ దగ్గరగా పోకుండా, రోడ్డుకు రెండు వైపులా హైట్ గేజ్ అనే ఇనుప కమాను నిలబెడతారు. దాని కింది ఖాళీ సాధారణంగా 4.67 మీటర్లు. చట్టం అనుమతించిన 4.75 మీటర్ల డబుల్ డెక్కర్ ఆ కమానును దాటలేదు, 4.7 మీటర్ల బస్సు కూడా దాటలేదు. మోటారు వాహనాల నిబంధన ప్రకారం సక్రమమైన బస్సు రైల్వే నిబంధన దగ్గర ఆగిపోతుందన్న మాట. రెండు నియమాలూ తమ తమ చోట సరైనవే, కాబట్టి రూటు నిర్ణయించేవారే ఆ రెండింటినీ ఒకచోట పెట్టి చూడాలి. అందుకే డబుల్ డెక్కర్ నడిపే ఏ సంస్థ అయినా రూటును కాగితం మీద గీయడానికి ముందు కొలకర్రతో ఆ దారంతా నడవాలి, వాన వెలిసిన ప్రతిసారీ వంగిన కొమ్మలను మళ్లీ చూసుకోవాలి. బ్రిటన్‌లో 3 మీటర్లు దాటిన వాహనాల్లో ఎత్తును అంకెల్లో రాసి డ్రైవరు కళ్లెదుట ఉంచడాన్ని చట్టం తప్పనిసరి చేసింది. రోజూ ఒకే అంతస్తు బస్సు నడిపి, ఒక్క రోజు మాత్రం డబుల్ డెక్కర్ డ్యూటీ పడిన డ్రైవరు అలవాటుగా పాత దారిలోకి తిప్పేయకుండా ఆ చిన్న పలక కాపాడుతుంది.

సీటులోని మనిషి

పెద్ద వాహనం నడపడం కారు నడపడానికి పెద్ద రూపం కాదు. ఆధునిక బస్సులో డ్రైవరు ముందు ఇరుసుకు, అంటే ముందు చక్రాలను కలిపే యాక్సిల్‌కు, ఇంకా ముందు కూర్చుంటాడు. 1958లో ఉత్పత్తిలోకి వచ్చిన లేలాండ్ అట్లాంటియన్ ఇంజనును వెనక్కి పంపి, తలుపును డ్రైవరు పక్కకు తెచ్చిన నాటి నుంచి డబుల్ డెక్కర్‌లోనూ ఇదే అమరిక స్థిరపడింది. ఈ అమరికలో డ్రైవరు తాను మలుపును కొంత దాటిన తర్వాతే స్టీరింగు తిప్పాలి, కారులో అలవాటైన చోట తిప్పితే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. ఇరుసుల మధ్య దూరం 5 మీటర్లుండి, బయటి ముందు చక్రం 10 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరిగితే, అదే వైపు వెనక చక్రం దాదాపు 8.66 మీటర్ల వ్యాసార్ధంతో వస్తుంది. అంటే అది 1.3 మీటర్లకు పైగా లోపలికి కోసుకుంటూ వస్తుంది. సందు దొరికిందని ఎడమ పక్కన దూరే ద్విచక్ర వాహనదారుడు నిలబడేది సరిగ్గా ఆ 1.3 మీటర్ల చోటులోనే. హెవీ వాహనాల డ్రైవర్లు మలుపుకు ముందు బండిని కాస్త కుడికి తీసి తర్వాత ఎడమకు కటింగు ఇవ్వడం దురుసుతనంగా కనిపించవచ్చు గానీ, వెనక చక్రాలకు చోటివ్వడానికి వారికి మరో మార్గం లేదు.

బ్రేకుల విషయంలోనూ ఇలాంటి కనిపించని లెక్క ఒకటి ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెళ్తున్న బస్సు ముందు ఏదైనా అడ్డొస్తే, డ్రైవరు దాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి పట్టే ఒకటిన్నర సెకన్లలోనే బండి 25 మీటర్లు సాగిపోతుంది. ఆ తర్వాత గట్టిగా బ్రేకు కొడితే మరో 28 మీటర్లలో ఆగవచ్చు గానీ, అంత గట్టి బ్రేకుకు నిలబడినవారు ముందుకు పడిపోతారు, మెట్ల మీద ఉన్నవారు ఏకంగా కింది అంతస్తులోకి దొర్లిపోతారు. ఎవరూ తూలకుండా మెల్లగా ఆపాలంటే బ్రేకు పడ్డాక సుమారు 93 మీటర్లు కావాలి. కాబట్టి మంచి బస్సు డ్రైవరు 100 మీటర్ల అవతలి సిగ్నలును, మూడు బండ్ల ముందున్న ఆటోను, బస్టాపులో చెయ్యెత్తబోతున్న మనిషిని ముందే చదివి కాలు ఎత్తేస్తాడు. విద్యుత్ బస్సుల్లో యాక్సిలరేటరు తాకగానే పూర్తి లాగుడు శక్తి అందుతుంది, దాని మీద నుంచి కాలు తీయగానే మోటారే బండిని వెనక్కి పట్టుకుంటుంది కనుక, ఏళ్ల తరబడి డీజిల్ బండి నడిపిన కాలు కూడా మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి.

ఇలాంటి నేర్పు పుస్తకం చదివితే రాదని లండన్ రవాణా సంస్థ చాలా ముందే గుర్తించింది. తన చిజిక్ వర్క్‌షాపులో నీళ్లు చల్లి జారుడుగా చేసిన ప్రత్యేక మైదానాన్ని ఏర్పాటు చేసి, శిక్షణలో ఉన్న డ్రైవర్ల చేత డబుల్ డెక్కర్లను కావాలనే జారించి, ఆ జారుడు నుంచి బండిని ఎలా సర్దుకోవాలో నేర్పింది. 1952 డిసెంబరు 30న లండన్ టవర్ బ్రిడ్జి మీద 78వ నంబరు డబుల్ డెక్కర్ నడుపుతున్న ఆల్బర్ట్ గంటర్, హెచ్చరిక అందకుండానే తన కింది వంతెన రెక్క పైకి లేస్తున్నట్లు గమనించి, బ్రేకు వేస్తే నీళ్లలో పడతామని గ్రహించి, వేగం పెంచి ఇంకా లేవని అవతలి రెక్క మీదికి బస్సును దూకించాడు. సంస్థ అతనికి 10 పౌండ్ల బహుమతి ఇచ్చింది. అతని సమయస్ఫూర్తి అసాధారణం, అందులో సందేహం లేదు. అయినా రవాణా భద్రత చదివేవారు ఆ ఘటనలో మొదట చూడవలసింది అందని హెచ్చరికను, ఎందుకంటే డ్రైవరు సాహసం మీద ఆధారపడే వ్యవస్థను వ్యవస్థ అనలేము.

లైసెన్సు చెప్పేది, చెప్పనిది

భారతదేశంలో పెద్ద వాహనం నడపడానికి మోటారు వాహనాల చట్టం, 1988 కొన్ని గడపలు పెట్టింది. నాలుగో సెక్షను ప్రకారం రవాణా వాహనం, అంటే కిరాయికి ప్రయాణికులనో సరుకునో మోసే వాహనం, నడిపేవారికి 20 ఏళ్లు నిండాలి. ఏడో సెక్షను ప్రకారం తేలికపాటి వాహనాల లైసెన్సు కనీసం ఏడాది పాటు ఉన్నవారికే రవాణా వాహనపు లెర్నర్ లైసెన్సు ఇస్తారు. రిజిస్టర్డ్ వైద్యుడు కళ్లు, చెవులు, సాధారణ ఆరోగ్యం పరీక్షించి ఇచ్చే ఫారం 1ఏ ధ్రువపత్రం తప్పనిసరి. 2019 సవరణ తర్వాత ఈ లైసెన్సు 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అంతకుముందు ఆ గడువు 3 ఏళ్లు ఉండేది. శిక్షణ విషయంలో పాత నిబంధన రవాణా వాహనాలకు 30 రోజులు, 15 గంటల డ్రైవింగు కోరితే, 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం మధ్యస్థ, భారీ వాహనాలకు 6 వారాల్లో 38 గంటల శిక్షణను, అందులో పాఠాలూ అభ్యాసమూ రెండింటినీ, నిర్దేశించింది. వాడుకలో అందరూ హెవీ లైసెన్సు అనే దానికి ఇదీ చట్టపరమైన నేపథ్యం.

అయితే చట్టపు వర్గీకరణలో ఒక మసక ఉంది. 1994 సవరణ మధ్యస్థ, భారీ వాహనాలకు విడివిడిగా ఉన్న లైసెన్సు తరగతులను తొలగించి రవాణా వాహనం అనే ఒకే తరగతిని పెట్టింది. దానితో తేలికపాటి వాహనాల లైసెన్సుతో చిన్న రవాణా వాహనాన్ని నడపవచ్చా అన్న వివాదం బీమా పరిహారపు కేసుల రూపంలో ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఆ లైసెన్సుతోనే నడపవచ్చని, వేరే ఆమోదం అవసరం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చింది. డబుల్ డెక్కర్ ఆ హద్దుకు చాలా పైన ఉంటుంది కనుక తీర్పు దాన్ని నేరుగా తాకదు గానీ, బరువు అనే ఒక్క కొలబద్దతో వాహనాలను విడదీస్తే ఎత్తు అనే గుణం లెక్కలోకి రాదన్న విషయాన్ని అది గుర్తుచేస్తుంది. ఒకే అంతస్తు బస్సుకు పొందిన లైసెన్సుతో డబుల్ డెక్కర్ నడపడం చట్టరీత్యా తప్పు కాదు. బ్రిటన్‌లోనూ బస్సుల కోసం ఇచ్చే డి తరగతి లైసెన్సు ఈ రెండింటినీ వేరు చేయదు. అక్కడ ఆ ఖాళీని బస్సు సంస్థలే పూడుస్తాయి. కొత్త రకం బస్సు ఇచ్చే ముందు ఆ రకంలో, కొత్త రూటు ఇచ్చే ముందు ఆ రూటులో డ్రైవరుకు తర్ఫీదు ఇస్తాయి, వృత్తి డ్రైవర్లందరూ ప్రతి 5 ఏళ్లలో 35 గంటల పునశ్చరణ శిక్షణ పూర్తి చేయాలని చట్టం కోరుతుంది. తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలకు సొంత శిక్షణ కళాశాలల సంప్రదాయం ఉంది, హకీంపేటలోనిది అందుకు పేరున్న ఉదాహరణ. డబుల్ డెక్కర్లను నడిపే బాధ్యత ఏ కాంట్రాక్టు సంస్థకు వెళ్లినా ఆ సంప్రదాయం వాటితో పాటు వెళ్లాలి. లైసెన్సు ఉన్నవారు దొరకగానే సరిపోయిందనుకునే ధోరణి ఒప్పుకోదగినది కాదు.

అలసట అనే అదనపు బరువు

హాంకాంగ్ నగరంలో తిరిగే బస్సుల్లో ఎక్కువ భాగం డబుల్ డెక్కర్లే. అక్కడ 2018 ఫిబ్రవరి 10న తైపో రోడ్డు మీద దిగుడుగా ఉన్న మలుపులో వేగంగా వచ్చిన రెండంతస్తుల బస్సు పక్కకు బోల్తా పడి 19 మంది మరణించారు. డ్రైవరుకు కోర్టు జైలు శిక్ష వేసింది. అయితే ఆ నగరం శిక్షతో సరిపెట్టుకోలేదు. స్వతంత్ర సమీక్షా సంఘాన్ని నియమించింది, సీటు బెల్టులు, వాలులో వేగాన్ని తగ్గించే పరికరాలు, జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థలను బస్సుల్లో చేర్చే పని మొదలుపెట్టింది. డ్రైవర్ల పని గంటల మార్గదర్శకాలనూ అదే నెలలో సవరించి, సాధారణ షిఫ్టులో గరిష్ఠ డ్యూటీని 14 గంటల నుంచి 12కు, అందులో నడిపే సమయాన్ని 11 గంటల నుంచి 10కి తగ్గించారు. మలుపు, ఎత్తు, వేగం అనే భౌతిక కారణాల పక్కన పని గంటలకు కూడా చోటివ్వడం ఆ చర్చలోని ముఖ్యాంశం.

భారతదేశంలో ఈ విషయంలో చట్టం కాగితం మీద మరింత ఉదారంగా ఉంది. మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు హద్దుగా పెట్టి, 5 గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. తర్వాత ఆ చట్టాన్ని విలీనం చేసుకున్న 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి కూడా 8 గంటల ప్రమాణాన్ని నిలుపుకుంది. అయితే ట్రాఫిక్‌లో ఆలస్యమైన ట్రిప్పును పూర్తి చేయడానికి డ్యూటీ సాగడం, సిబ్బంది చాలనప్పుడు డబుల్ డ్యూటీ పడటం నగర బస్సు డ్రైవరుకు కొత్త కాదు. గంటకు 30, 41 కిలోమీటర్ల మధ్య తేడాను పసిగట్టవలసిన మెదడు పదో గంటలోనూ మొదటి గంటలో ఉన్నంత చురుకుగా ఉండదు. డ్రైవరు విశ్రాంతిని సంక్షేమ పద్దులో రాసే అలవాటు మానుకుని, బ్రేకులూ టైర్లూ ఉన్న భద్రతా పద్దులో రాయాలి.

తిరిగి వచ్చినవి

2020 నవంబరులో ఒక పౌరుడు సామాజిక మాధ్యమంలో పాత డబుల్ డెక్కర్లను తలచుకోవడం, అప్పటి మంత్రి కె.టి. రామారావు దానికి స్పందించడంతో మొదలైన కథ, ఫార్ములా ఈ కార్ల పందేలకు కొద్ది రోజుల ముందు, 2023 ఫిబ్రవరి 7న మూడు విద్యుత్ బస్సులు హైదరాబాద్ రోడ్డెక్కడంతో ఒక మలుపు తిరిగింది. హెచ్ఎండీఏ కొన్న ఆ బస్సుల ధర ఒక్కొక్కటి రూ. 2.16 కోట్లు, సామర్థ్యం 65 మంది ప్రయాణికులు. తిరుపతిలో అదే ఏడాది, విశాఖలో ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా 2025 ఆగస్టులో ఇలాంటివే వచ్చాయి. ఇవన్నీ ప్రధానంగా పర్యాటకుల కోసం వచ్చినవి. ముంబయిలో కథ మరోలా సాగింది. అక్కడ కొత్త విద్యుత్ డబుల్ డెక్కర్లు 2023 ఫిబ్రవరిలో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ నుంచి ఎన్‌సీపీఏ కళాకేంద్రం వరకు మామూలు రూటులోనే మొదలయ్యాయి, పాత డీజిల్ డబుల్ డెక్కర్లు అదే ఏడాది సెప్టెంబరు 15న తప్పుకున్నాయి.

9.8 మీటర్ల రోడ్డు మీద 65 మందిని కూర్చోబెట్టగల వాహనాన్ని సాగర తీరపు షికారుకే పరిమితం చేయడం విచారకరం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చాక బస్సుల్లో ఫుట్‌బోర్డు దాకా నిండిన జనాన్ని చూసినవారెవరికైనా, 12 మీటర్ల బస్సు కంటే తక్కువ చోటు తీసుకుని ఎక్కువ మందిని కూర్చోబెట్టే బండి ఎక్కడ అవసరమో వేరే చెప్పనక్కరలేదు. వెడల్పయిన, మలుపులు తక్కువగా ఉన్న, లెవెల్ క్రాసింగ్ లేని, కొమ్మలూ తీగలూ సవరించిన దారులను ముందుగా ఎంచుకుని, అక్కడి డిపోల్లోని అనుభవజ్ఞులైన డ్రైవర్లను ప్రత్యేకంగా తయారు చేస్తే ఈ బస్సు రోజువారీ సర్వీసులో నిలబడగలదు. పాత డబుల్ డెక్కర్లలో అంతస్తుకొక కండక్టరు ఉండేవారు. టికెట్లతో పాటు మెట్ల మీద ఎవరున్నారో చూడటం, అందరూ నిలదొక్కుకున్నాకే రైట్ చెప్పడం కూడా వారి పనే. బ్రిటన్ 1966లో డబుల్ డెక్కర్‌ను ఒక్క డ్రైవరే నడపడానికి అనుమతించాక అక్కడ అద్దాల పెరిస్కోపు, ఆ తర్వాత కెమెరా ఆ చూపు స్థానంలోకి వచ్చాయి. 2012లో లండన్‌కు వచ్చిన కొత్త రూట్‌మాస్టర్‌లో వెనక మెట్ల దగ్గర నిలబడే రెండో ఉద్యోగిని మళ్లీ పెట్టినా, ఖర్చు కారణంగా 2016 కల్లా తీసేశారు. టికెట్ యంత్రాలు, ఫోను చెల్లింపులు వచ్చిన ఈ రోజుల్లో ఇక్కడ కూడా రెండో కండక్టరును ఖర్చు కింద కొట్టేయడం సులువు. అలా కొట్టేసిన రోజున పై అంతస్తును గమనించే పని కూడా, మలుపునూ కొమ్మనూ ఎడమ పక్క ద్విచక్ర వాహనాన్నీ చూస్తున్న ఆ డ్రైవరు కళ్ల మీదే పడుతుంది. కాబట్టి ఆర్టీసీలు తమ కొత్త బస్సుల టెండరులో సీట్ల సంఖ్య, బ్యాటరీ సామర్థ్యాలతో పాటు బస్సుకు ఎంతమంది సిబ్బంది ఉండాలన్నది కూడా ఒక షరతుగా రాసుకోవాలి.